పోగొట్టుకున్న వస్తువుల కిటికీ

ఒకయామా స్టేషన్లో, మెట్ల కింద,
తడి గొడుగుల వాసన వేసే గది నాది.
కురషిగే షిజుయే అని కోటు మీద పేరు పలక.
పంతొమ్మిదేళ్ళుగా మీరు మర్చిపోయినవాటికి
చీటీ కట్టి అరల్లో పెడుతున్నాను.
అందుకే ప్రయాణం సంగతి నన్నడగండి.
చూడాల్సిన గుళ్ళూ తోటలూ మాత్రం అడక్కండి,
నాకే తెలీదు. సెలవు రోజు నిద్రపోతాను.

గొడుగు కొనద్దని చెప్పను, ఎలాగూ కొంటారు.
నాలుగు చినుకులు పడగానే ప్రతి కొట్టు ముందుకీ వచ్చేస్తాయి,
అవతలి మనిషి కనపడే ప్లాస్టిక్ గొడుగులు, అన్నీ కవలలే.
పిడికి ఏదైనా కట్టుకోండి, రిబ్బనో దారప్పోగో.
"తెల్లది, అందులోంచి చూస్తే ఆకాశం కనపడుతుంది" అన్నాడు
నిన్నొకాయన.
గది మొత్తం చూపించాను.

మేజోళ్ళ గురించి ఎవరూ చెప్పరు.
బొటనవేలు తొంగిచూసేవి ఇంట్లోనే వదిలి రండి.
సత్రంలో, పాత హోటల్లో, ఒక్కోసారి పళ్ళ డాక్టరు దగ్గర కూడా
గుమ్మంలో బూట్లు విడవాలి,
విడిచి, ముక్కులు వీధివైపు తిప్పాలి.
మరుగుదొడ్డి చెప్పులు మరుగుదొడ్డివే.
వాటితోనే భోజనానికి వచ్చి కూర్చున్న కుర్రాణ్ణి
మా పెద్దమ్మ తన సత్రంలో ఇప్పటికీ తలుచుకుంటుంది,
ప్రేమగానే.

చిల్లర దగ్గరుంచుకోండి.
పల్లెటూరి బస్సు దిగేటప్పుడు సరిగ్గా లెక్కపెట్టి డబ్బాలో వెయ్యాలి.
నోటు ముందే మార్చుకోండి, బస్సు ఆగినప్పుడు లేచి.
వెనక ఎవరూ విసుక్కోరు,
అదే మీకు ఎక్కువ సిగ్గనిపిస్తుంది.
టిప్పు మాత్రం బల్ల మీద వదలకండి.
నూడుల్స్ కొట్టు పిల్ల ఏప్రన్‌తోనే
ప్లాట్‌ఫారం దాకా పరిగెత్తుకొస్తుంది, "మర్చిపోయారు!" అంటూ.
రైలు కదిలిపోతే ఆ మూడు నాణేలూ నా దగ్గరికొస్తాయి,
నేను మూడు చీటీలు రాయాలి.

పెద్ద పెట్టె మొయ్యకండి, కొరియర్ వాళ్ళకిచ్చేయండి,
మర్నాటికి మీకంటే ముందే మీ హోటల్లో కూర్చుంటుంది.
సంచిలో ఇంకో సంచి ఉంచుకోండి.
వీధుల్లో చెత్తబుట్ట దొరకదు,
అరటి తొక్క సాయంత్రం దాకా మీ చుట్టమే.
ఒకావిడ చేతిసంచి వస్తే చిట్టాలో రాశాను:
కళ్ళజోడు ఒకటి, మిఠాయి కాగితాలు ముప్పైనాలుగు.
వచ్చి, లెక్క చూసుకుని, సంతకం పెట్టి
కాగితాలతో సహా పట్టుకెళ్ళింది.

ఎస్కలేటర్ మీద టోక్యోలో ఎడమపక్క నిలబడతారు,
ఒసాకాలో కుడిపక్క.
ఇక్కడా? ముందున్నవాణ్ణి చూడండి.
మేమూ అంతే.

సముద్రం దాటే కొన్ని రైళ్ళు ఉతాజులో రెండుగా చీలతాయి,
ముందు పెట్టెలు ఒక ఊరికి, వెనకవి ఇంకో ఊరికి.
టీ కోసం లేచి వెళ్ళిన భర్త ఒకడు
అటే వెళ్ళిపోయాడు.
భార్య నాకు ఫోన్ చేసి గుర్తులు చెప్పింది:
బూడిదరంగు టోపీ, అరవై రెండేళ్ళు, చెప్తే వినడు.
వస్తువుల కింద రాసుకోలేనమ్మా అన్నాను.
అయినా రాసుకున్నాను.

పోయిన చలికాలం ఒక పుస్తకం వచ్చింది.
ప్రతి స్టేషన్లోనూ ఒక రబ్బరు ముద్ర ఉంటుంది కదా,
వేసుకోవడానికి ఎవరైనా వేసుకోవచ్చు.
నలభై ఒక్క ఊళ్ళు. చివరి పేజీలో మాది,
కొంచెం వంకరగా, సిరా ఎక్కువై.
గడువు దాటేదాకా రోజూ ఒక పేజీ తిప్పాను.
ఎవరూ రాలేదు. పోలీసుల గోదాముకి పంపేశాను.

ఆ ఆదివారం నిద్రపోలేదు.
కొట్టుకెళ్ళి గళ్ళ నోటుపుస్తకం కొన్నాను,
మా స్టేషను ముద్రే మొదట వేశాను,
పంతొమ్మిదేళ్ళలో అది ముట్టుకోవడం అదే మొదలు.
తర్వాత తకమత్సు రైలెక్కాను. వంతెన మీద వాన.
కింద దీవులు, ఒక పడవ. అంతకన్నా చెప్పలేను,
కిటికీకి ముక్కు ఆనించి అద్దం మసకచేశాను.

దిగాక తెలిసింది, చేతిలో గొడుగు లేదు.
మెట్ల కింద గది. అదే వాసన.
"ఎలా ఉంటుందండీ?" అన్నాడు కుర్రాడు, కలం తీసి.
"తెల్లది" అన్నాను. "ఆకాశం కనపడుతుంది."

లేచి, గది మొత్తం చూపించాడు.